మూత తిప్పితే నిద్ర

నిద్ర పట్టడం లేదా? మనసు దిగులుగా ఉంటోందా? అయితే ఇది మీకోసమే. నేను ఆరేళ్లుగా ఈ దారిలో ఉన్నాను. మా ఇంట్లో ఫ్రిజ్ మీద పద్నాలుగు డబ్బాలున్నాయి, పూజగదిలో పటాలకన్నా రెండు ఎక్కువే. ఒక్కో డబ్బా వెనక ఒక్కో అనుభవం ఉంది. దాచుకోకుండా మీ చేతిలో పెడుతున్నాను.

ఈపాటికి మీకు నలుగురూ నాలుగు మాటలు చెప్పే ఉంటారు. రాత్రి ఫోన్ పక్కన పెట్టమంటారు, సాయంత్రం కాసేపు నడవమంటారు, రోజూ ఒకే వేళకి లేవమంటారు. ఇవన్నీ పనులండీ. పని చేసే ఓపికే ఉంటే మనకీ బాధ ఎందుకు? మన బదులు పని చేయడానికే కదా మాత్ర పుట్టింది! ఒక గుక్క నీళ్లు, ఒక మింగుడు, అంతే. కింద చెప్పినవి వరసగా పాటించండి.

1. కారణం వెతక్కండి.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కారణం తెలిస్తే దాన్ని సరిచేయాల్సి వస్తుంది. గురకే తీసుకోండి. "రాత్రి మీ ఊపిరి మధ్యలో ఆగిపోతోందండీ, మళ్లీ ఉలిక్కిపడి పీలుస్తున్నారు, నాకు భయమేస్తోంది" అని మీ ఆవిడ అంటుంది. ఆ మాట పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లారా, అయిపోయారు. ఒక రాత్రంతా ఒంటికి తీగలు అంటించి పరీక్ష చేస్తారు. నిద్రలో గొంతులో గాలిదారి మూసుకుపోతోంది, దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు, బరువు తగ్గండి, పడుకునేటప్పుడు మాస్కు పెట్టుకోండి అంటారు. బరువు తగ్గడం ఎన్ని నెలల పని! అందుకని గురక అంటే గాఢనిద్ర అని మీ ఆవిడకి గట్టిగా చెప్పండి. ఆమె వేరే గదిలో పడుకోవడం మొదలుపెడితే మంచం మొత్తం మీదే. పొద్దున లేవగానే తలనొప్పి, మీటింగులో కునుకుపాట్లు, పెరుగుతున్న బీపీ, వీటన్నిటినీ మెగ్నీషియం లోపం కింద రాసేసుకోండి. మెగ్నీషియం ఏదీ కాదనదు.

2. కొనేది అర్ధరాత్రే కొనండి.

పగలు కొంటే ధర కనపడుతుంది. రాత్రి ఒంటిగంటన్నరకి డబ్బా మీది చంద్రుడు మాత్రమే కనపడతాడు. ఆ వేళ బుర్రలో జమాఖర్చులు చూసే గుమాస్తా ఒక్కడే నిద్రపోతాడు, మిగతావాళ్లంతా మెలకువగానే ఉంటారు. ఆ అవకాశం వదలకండి. ఐదు చుక్కల సమీక్షలే చదవండి. ఒక చుక్క ఇచ్చినవాళ్లు సరిగా వాడి ఉండరు. రెండు కొంటే ఒకటి ఉచితం అని ఉంటే మూడు తెప్పించండి. పనిచేస్తుందో లేదో తెలియకముందే ఆరునెలల సరుకు ఇంట్లో ఉంటే ఆపేయాలన్న ఆలోచన రమ్మన్నా రాదు. ఇంకో లాభం ఉంది. ఆర్డర్ పెట్టగానే మనసుకి ఒక తృప్తి వస్తుంది, రేపట్నుంచి అంతా బాగుంటుందనిపిస్తుంది. ఆ తృప్తికి మాత్ర కూడా అక్కర్లేదు. అందుకే నేను నెలకి రెండుసార్లు పెడతాను.

3. డబ్బా మీద పెద్ద అక్షరాలే చదవండి.

అమెరికా డబ్బా అయితే ముందువైపు నెలవంక, నక్షత్రాలు, తలగడ మీద నవ్వుతూ నిద్రపోతున్న అమ్మాయి ఉంటారు. అవి చాలు. వెనక్కి తిప్పకండి. వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఒక గడి ఉంటుంది. డబ్బా మీది మాటల్ని అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిశీలించలేదనీ, ఈ సరుకు ఏ జబ్బునీ నయం చేయడానికి ఉద్దేశించింది కాదనీ అందులో రాస్తారు. 1994లో అక్కడ చేసిన చట్టం అలా రాయమంది. సరుకు పనిచేస్తుందని అమ్మకముందే ప్రభుత్వానికి రుజువు చూపించనక్కర్లేదన్నది కూడా ఆ చట్టమే. అంత ముఖ్యమైన సంగతైతే పెద్దగా రాసేవాళ్లు కదా!

మన దేశపు డబ్బా అయితే దాని మీద తిండి సరుకుల ప్రమాణాలు చూసే సర్కారీ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటాయి. ఇంట్లో ఎవరైనా నిలదీస్తే వేలు పెట్టి చూపించండి: "ఇదిగో, గవర్నమెంటే ఒప్పుకుంది." వాళ్లు వంటింట్లోకి వెళ్లి కారప్పొడి ప్యాకెట్ తెచ్చి, దాని మీదా 14 అంకెలు చూపిస్తే మాట మార్చేయండి. అది తినే సరుకు అమ్ముకోవడానికిచ్చే లైసెన్సేగానీ నిద్ర పడుతుందని రాసిచ్చిన హామీ కాదని వాళ్లు అనేలోపు మీరు బాత్రూంలో ఉండాలి.

4. మెలటోనిన్ వేసుకుని ఫోన్ పట్టుకోండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సరుకు ఇదే, కాస్త వివరంగా చెబుతాను. మెదడు నడిమధ్య పీనియల్ అని చిన్న గ్రంథి ఉంది. చీకటి పడగానే అది మెలటోనిన్ వదిలి, రాత్రయిందని ఒళ్లంతటికీ దండోరా వేయిస్తుంది. కళ్లలో వెలుతురు పడితే దండోరా ఆపేస్తుంది. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఏరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడి బృందం పశువుల పీనియల్ గ్రంథుల్లోంచి దీన్ని విడదీసింది. అంటే దీపాలార్పి, ఫోన్ అవతల పెట్టి, చీకట్లో పడుకుంటే ఒంట్లో ఊరికే ఊరే సరుకన్నమాట. ఊరికే వచ్చేదానికి విలువ ఉండదు. డబ్బాలోది వాడండి.

రాత్రి పదకొండింటికి ఒక గమ్మీ నమలండి. నమలడం పూర్తికాకముందే ఫోన్ తీసుకోండి, వెలుతురు నిండా పెంచండి. గమ్మీ రాత్రయిందంటుంది, ఫోన్ తెల్లారిందంటుంది. ఒళ్లు ఇద్దరి వాదనా వినాలి కదా, తీర్పుకి టైము పడుతుంది. ఆలోగా మీరు ఒక సిరీస్‌లో రెండు భాగాలు చూసేయొచ్చు. పన్నెండున్నరకి ఇంకో గమ్మీ వేయండి. రెండింటికి మరొకటి. ఇది మత్తుమందు కాదు, ఒంటికి వేళ చెప్పే గంట మాత్రమే అని తెలిసినవాళ్లు అంటుంటారు. గంట వినపడకపోతే ఏం చేస్తాం? ఇంకా గట్టిగా కొడతాం.

రెండింటికి వేసుకున్నది వృథా పోతుందని దిగులుపడకండి. మర్నాడు పొద్దున పదింటికి, మేనేజరు లెక్కలు చెబుతుండగా, కళ్లు వాటంతటవే మూతపడతాయి. గడ్డం ఛాతీకి ఆనుతుంది. చూశారా, నిద్ర పట్టింది! మంచం మీద పడితే ఏంటి, కుర్చీలో పడితే ఏంటి? జీతం తీసుకుంటూ పడిన నిద్ర అది.

గమ్మీల గురించి ఒక శుభవార్త కూడా ఉంది. 2023లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. అక్కడ అమ్మే 25 రకాల మెలటోనిన్ గమ్మీలు తెచ్చి పరీక్షిస్తే 22 రకాల్లో డబ్బా మీది లెక్క వేరు, లోపలి లెక్క వేరు. ఒకదాంట్లో రాసినదానికి 347 శాతం ఉంది. ఒకదాంట్లోనైతే అసలు మెలటోనినే లేదు. కొందరు ఇది చదివి మానేశారట. రైతుబజార్‌లో కొసరు వేస్తే వద్దనేవాళ్లుంటారా? ఈ రాత్రి మీకు పడేది మూడింతలో, ఉత్త చక్కెర పాకమో నోట్లో వేసుకున్నాకే తెలుస్తుంది. లాటరీ టిక్కెట్టు మింగినంత ఉత్సాహం.

5. అన్నీ కలిపి గుప్పెడు, ఒకేసారి.

ఒక్కో మాత్రకి ఒక్కో వేళ పెట్టుకుంటే రోజంతా గడియారం చూస్తూ కూర్చోవాలి. రాత్రి భోజనం కాగానే అన్నీ అరచేతిలో పోసుకుని ఒకే గుక్కలో పంపించండి. మీకు థైరాయిడ్ మాత్ర ఉందనుకోండి, దాన్ని పొద్దున్నే పరగడుపున వేసుకోమని, కాల్షియానికీ ఐరన్‌కీ దానికీ నాలుగు గంటల ఎడం ఉంచమని డాక్టరు చెప్పే ఉంటాడు. అదంతా తీరికున్నవాళ్ల సంగతి. దాన్నీ గుప్పెట్లోనే కలిపేయండి.

కడుపులోకి వెళ్లాక కాల్షియం థైరాయిడ్ మాత్రని పట్టుకు కూర్చుంటుంది, రక్తంలోకి పోనివ్వదు. మూడు నెలలకి నీరసం, బద్ధకం, ఒళ్లు బరువెక్కడం, దేనిమీదా మనసు లేకపోవడం మొదలవుతాయి. సరిగ్గా వీటికోసమే బి-కాంప్లెక్స్ అమ్ముతున్నారు! తెచ్చుకోండి. మల్టీవిటమిన్‌లో బి6, బి-కాంప్లెక్స్‌లో బి6, కొన్ని మెగ్నీషియం డబ్బాల్లోనూ బి6 ఉంటుంది. మూడూ కలిపి నెలల తరబడి మింగితే కాళ్లవేళ్లలో చీమలు పాకినట్టు తిమ్మిరెక్కుతుంది. మోతాదు మించిన బి6 నరాలని దెబ్బతీస్తుందని పుస్తకాల్లో రాశారు. నేనైతే నరాలు మేలుకుంటున్నాయంటాను. అయినా తిమ్మిరి తగ్గకపోతే దానికీ ఒక డబ్బా ఉంది. ఈ వైద్యంలోని గొప్పదనమే అది, ఒక డబ్బా ఇంకో డబ్బాకి దారి చూపిస్తుంది.

6. మూత్రం చిక్కటి పసుపుపచ్చగా వస్తే సంతోషించండి.

అది బి2. ఒంటికి అక్కర్లేనిది బయటికి పోతోంది. నెలకి పన్నెండు వందలు పోస్తున్నాం, కళ్లకి ఏదో ఒకటి కనపడాలి కదా.

7. డి విటమిన్ వారానికోసారి అంటే రోజూ వేయండి.

మన ఊళ్లలో ఎండకి కరువు లేదు. పగటిపూట కాసేపు చేతులు, కాళ్లు ఎండకి తగిలేలా మేడ మీద తిరిగితే చర్మమే డి విటమిన్ తయారుచేసుకుంటుంది. కానీ మేడెక్కాలి. లిఫ్టు పై అంతస్తు దాకా వెళ్లినా చివరి పన్నెండు మెట్లు మనమే ఎక్కాలి. అందుకని మెడికల్ షాపుకి ఫోన్ చేసి 60,000 యూనిట్ల డి3 తెప్పించండి. దాన్ని మామూలుగా వారానికి ఒకటి చొప్పున కొద్ది వారాలు వేసుకుని ఆపమని, తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించుకోమని చీటీలో రాస్తారు. చీటీ పారేయండి.

మా తోడల్లుడు రెండు నెలలు రోజూ ఒకటి చొప్పున వేశాడు. పట్టుదల గల మనిషి. మొదట ఎడతెగని దాహం వేసింది, రాత్రికి ఆరుసార్లు లేచాడు. తర్వాత మలబద్ధకం, వాంతులు. ఆపైన మాట తడబడింది, ఏ రోజో మరిచిపోయాడు. ఆస్పత్రిలో చూస్తే రక్తంలో కాల్షియం బాగా పెరిగిపోయి ఉంది, కిడ్నీల మీద దెబ్బ పడుతోందన్నారు. డి విటమిన్ ఎక్కువైతే పేగులు కాల్షియాన్ని లాగేసుకుంటాయట. బి విటమిన్లలా తెల్లారేసరికి మూత్రంలో పోయేది కాదిది, కొవ్వులో దాక్కుని నెలలపాటు నెమ్మదిగా బయటికొస్తుంది. అంత విశ్వాసం గల విటమిన్ ఇంకోటి లేదు.

ఇక ఫలితం చూడండి. వారం రోజులు సెలైన్ ఎక్కించారు, నెల రోజులు సెలవు. మెడికల్ సర్టిఫికెట్ కోసం ఎవరినీ బతిమాలుకోలేదు, అసలు సిసలైన సర్టిఫికెట్! ఆ నెలలోనే ఆఫీసులో ఆడిట్ జరిగింది, వాడు లేడు. పైగా ఆస్పత్రి మంచం మీద ఎనిమిదింటికే దీపాలార్పి ఫోన్ లాగేసుకునేవాళ్లు, హాయిగా నిద్రపోయేవాడు. డి విటమిన్‌తో నిద్ర వస్తుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

8. అమ్మ పంపిన నువ్వుండలు పంచిపెట్టేయండి.

నువ్వులు, గుమ్మడి గింజలు, రాగులు, తోటకూర, వీటిలో మెగ్నీషియం దండిగా ఉంది. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. మన తిండిలో ఏముందో దశాబ్దాలుగా తూచి లెక్కగట్టింది వాళ్లే. 2024లో 17 ఆహార సూత్రాలు విడుదల చేశారు. వాటిలో పప్పులు, ఆకుకూరలు, గింజలు, నీళ్లు, నడక ఉన్నాయి, డబ్బా లేదు. ఏమీ అమ్మనివాళ్ల మాట ఎందుకు వినాలో మీరే ఆలోచించండి.

మెగ్నీషియం మాత్రల్లో చవకది ఆక్సైడ్, అదే కొనండి. ఒంటికి పట్టేది తక్కువ, మిగిలింది పేగుల్లోకి నీళ్లు లాగుతుంది. రాత్రి రెండు వేస్తే తెల్లవారుజామున నాలుగింటికి పరుగెత్తాలి. విరేచనాల మందుల్లో వాడేదీ ఈ జాతి ఉప్పులే. దీన్ని డిటాక్స్ అంటారు. విడిగా కొనాలంటే డిటాక్స్ ఖరీదు చాలా ఎక్కువ, మీకు నిద్రమాత్రతో పాటు కలిసొచ్చింది.

9. పెన్నేరు గడ్డని అలాగే పిలవకండి.

అశ్వగంధ అని కూడా అనకండి, ఇంగ్లీషు డబ్బా మీద ఎలా ఉందో అలా పలకండి. మా నాయనమ్మ దాన్ని పాలలో మరిగించి చిటికెడు ఇచ్చేది. దాని శాస్త్రీయనామంలో సోమ్నిఫెరా అని ఉంటుంది, లాటిన్‌లో నిద్ర తెచ్చేది అని అర్థం. ఆ ఒక్క ముక్క చాలు, ఎంతైనా మింగొచ్చు. అక్కడక్కడా కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు డాక్టర్లు నమోదు చేశారు, థైరాయిడ్ మందు వాడేవాళ్లు జాగ్రత్త అన్నారు. 2023లో డెన్మార్క్ ఏకంగా నిషేధించింది. చలిదేశం వాళ్లు, మన వేరుని తట్టుకోలేరు. ప్రకృతిసిద్ధం కాబట్టి హాని చేయదని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పండి. గన్నేరు పప్పు కూడా ప్రకృతిసిద్ధమే కదా అని ఎవరైనా అంటే వాళ్లతో స్నేహం తగ్గించుకోండి.

10. మాత్రలు కాఫీతో మింగండి.

రాత్రి తొమ్మిదింటికి చిక్కటి ఫిల్టర్ కాఫీ. తాగినదాంట్లో సగం కెఫీన్ తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, అంటే రెండింటికి కూడా సగం కప్పు లోపలే ఉంటుంది. డబ్బాకి గట్టి పోటీ లేకపోతే దాని సత్తా ఎలా బయటపడుతుంది?

11. డాక్టరు అడిగితే "ఏమీ లేవండీ" అనండి.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని ప్రతి డాక్టరూ అడుగుతాడు. సప్లిమెంట్లు మందులు కావు కాబట్టి మీరు అబద్ధం చెప్పినట్టు కాదు. ఈ తర్కం మీద గట్టిగా నిలబడండి.

నా విషయంలో ఇది ఎంతో మేలు చేసింది. జుట్టుకోసం బయోటిన్ గమ్మీలు మొదలుపెట్టాను, ఎందుకంటే నిద్రలేక జుట్టు రాలుతోంది. అప్పుడే రక్తపరీక్ష చేయించాల్సి వచ్చింది. రిపోర్టులో థైరాయిడ్ హద్దుమీరి పనిచేస్తోందని వచ్చింది. గుండెదడ, నిద్రలేమి దానివల్లే అయ్యుంటాయన్నారు. ఆహా, చివరికి నా నిద్రలేమికి ఒక మంచి పేరు దొరికింది! ఎక్కువ మోతాదులో బయోటిన్ తింటే కొన్ని రక్తపరీక్షల లెక్క తారుమారవుతుందని, థైరాయిడ్‌దీ, గుండెపోటు కనిపెట్టే ట్రోపొనిన్‌దీ కూడా, 2017లోనే ఎఫ్‌డీఏ హెచ్చరించిందట. పరీక్షకి ముందు ఆపేయాలట. నేను చెప్పలేదు కాబట్టి ఎవరూ ఆపమనలేదు. లేని జబ్బు కోసం ముగ్గురు స్పెషలిస్టుల చుట్టూ తిరిగాను, నాలుగు స్కానింగులు చేయించాను. ఆ రెండు నెలలూ ఇంట్లో ఎవరూ నాకు ఒక్క పని చెప్పలేదు. బండారం బయటపడ్డాక ల్యాబ్‌వాళ్లదే తప్పన్నాను. మీరూ అలాగే అనండి.

12. మనసు బాగోలేకపోతే మాట్లాడకండి, మింగండి.

మనసు బాగోకపోవడానికి నిజంగా కారణాలుంటాయి. ఇంటి లోను ఇంకా పదమూడేళ్లుంటుంది. పొలం గట్టు దగ్గర అన్నతో తెగిపోయిన మాట ఉంటుంది. కూతురు హాస్టల్‌కి వెళ్లాక సాయంత్రాలు ఇల్లు బోసిగా ఉంటుంది. వీటి జోలికి వెళితే అన్నకి ఫోన్ చేయాలి, ముందు మనమే తగ్గాలి. చేపనూనెలో ఉండే ఒమేగా-3 అయితే ఎవరి ముందూ తగ్గనక్కర్లేదు. ఆదివారం సాయంత్రం ఆరింటికి దిగులు మొదలవుతుంది, ఐదున్నరకే రెండు చేపనూనె గుళికలు వేసి సోఫాలో పడుకోండి. చేప వాసన త్రేన్పులు వస్తే దగ్గరికెవరూ రారు, ప్రశాంతత.

మనసు కులాసాకి ముడిపెట్టే రసాయనం ఒకటుంది, సెరటోనిన్. ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతం దాకా పేగుల్లోనే తయారవుతుంది. అది అక్కడి పనికే, మెదడులోకి వెళ్లలేదు అని శాస్త్రం తెలిసినవాళ్లు అంటారు. వాళ్ల మాట సగం దాకా విని ఆపేయండి, మనసు కడుపులోనే ఉందని తీర్మానించుకోండి. సెరటోనిన్‌కి ముడిసరుకు ట్రిప్టోఫాన్. అది పాలలో, గుడ్డులో, వేరుశనగలో ఉంది. పొడిగా డబ్బాలోనూ ఉంది. 1989లో అమెరికాలో కల్తీ అయిన ట్రిప్టోఫాన్ తిని 1,500 మందికి పైగా జబ్బుపడ్డారు, కండరాలు పీక్కుపోయే నొప్పులతో తల్లడిల్లారు, 30 మందికి పైగా చనిపోయారు. వాళ్లూ మనలాగే నిద్ర కోసం, దిగులు పోవడం కోసం కొన్నవాళ్లే. పాత సంగతి, మనకెందుకు?

స్నేహితుడు ఫోన్ చేస్తే ఎత్తకండి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, తిండి సయించకపోతే, బతుకు మీద విసుగు పుడితే మోతాదు పెంచే సమయం వచ్చిందన్నమాట. ప్రభుత్వం 2022 అక్టోబరు నుంచి మనసు బాగోలేనివాళ్ల కోసం టెలిమానస్ అని ఒక ఫోన్ సహాయకేంద్రం నడుపుతోంది, నంబరు 14416. పైసా ఖర్చు లేదు, పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. దానికి ఫోన్ చేశారంటే అవతలివాళ్లు ఓపిగ్గా వింటారు, మీరు గుండెలో ఉన్నదంతా చెప్పేస్తారు, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లే దారి కూడా చూపిస్తారు. ఇక డబ్బాలన్నీ ఏం కావాలి?

13. సాకులు ముందే సిద్ధం చేసుకోండి.

డబ్బా కొనడం సగం పనే, దాన్ని ఇంట్లో నిలబెట్టడమే అసలు పని. కొరియర్‌ని ఆఫీసు చిరునామాకి తెప్పించండి. కొత్త డబ్బాలోవి పాత డబ్బాలో పోయండి, సగానికి తగ్గకుండా చూసుకోండి. అప్పుడు ఎవరూ లెక్కపెట్టలేరు. ఏది ఏ మాత్రో మీక్కూడా తెలియకపోతే రంగుని బట్టి వేసుకోండి. ధర అడిగితే సగం చెప్పండి, సగమే ఎక్కువనిపిస్తే ఆఫీసులో ఎవరో ఇచ్చారనండి.

ఆవిడ "నిద్రమాత్రలకి అలవాటు పడ్డారేమిటండీ?" అంటే "మాత్రలు కాదే, సప్లిమెంట్లు" అనండి. ఆ రెండో మాటకి తెలుగులో సరైన పదం లేదు కాబట్టి వాదన అక్కడితో ఆగుతుంది. అమ్మ అడిగితే "బలానికమ్మా" అనండి, బలం మాట వింటే ఏ తల్లీ కాదనదు. మేనేజరు అడిగితే "ట్రీట్‌మెంట్‌లో ఉన్నాను సార్" అని కళ్లు కిందికి దించండి. కూతురు మాత్రం కష్టం, అది అక్కడే ఫోన్‌లో వెతికి నిజం చదివి వినిపిస్తుంది. ఆ పిల్ల సెలవులకి వచ్చినప్పుడు డబ్బాలు బియ్యం డ్రమ్ములోకి మార్చండి.

నిద్ర పట్టకపోతే తప్పెప్పుడూ మాత్రది కాదు. బ్రాండు మారాలి, లేదా మోతాదు పెరగాలి, లేదా ఇంట్లోవాళ్లు మీ మనసు పాడుచేశారు. కొత్త డబ్బా విప్పిన మొదటి రెండు మూడు రాత్రులు నిజంగానే బాగా పడుతుంది. నమ్మకానికే అంత బలం ఉందని, ఉత్త పిండి మాత్ర ఇచ్చినా కొందరికి అలాగే పడుతుందని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. నాలుగో రాత్రికి ఆ నమ్మకం కరిగిపోతుంది. అప్పుడే ఇంకో డబ్బా విప్పండి. ఏడాదికి నూట ఇరవై రకాలు దొరికితే ఏడాదంతా మంచి నిద్రే.

14. అమెరికాలో ఉన్న బావమరిదికి ఇప్పుడే ఫోన్ చేయండి.

ఇక్కడ తెల్లవారుజాము మూడు. అక్కడ న్యూజెర్సీలో ఇంకా నిన్నటి సాయంత్రమే, వాడు ఆఫీసు నుంచి ఇంటికొచ్చే వేళ. మెలకువగా ఉండడం వల్ల వచ్చే లాభాల్లో ఇదొకటి, వాళ్ల టైముకి మీరెప్పుడూ అందుబాటులోనే ఉంటారు. వచ్చే నెల వస్తున్నాడు కదా, రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. మీ అక్కచెల్లెళ్ల పిల్లలకి చాక్లెట్లు, షాంపూలు తెస్తానంటాడు. ముందు మీ జాబితా చదివించండి. పెద్ద డబ్బాలే తెమ్మనండి, నాలుగు వందల గుళికలవి. "బావా, ఇవన్నీ నువ్వొక్కడివే వాడతావా?" అని అడుగుతాడు. ఇంటిల్లిపాదికీ అనండి. తిరుగు ప్రయాణంలో ఆవకాయ జాడీ పెడతామని మాటివ్వండి, ఇక నోరెత్తడు.

ఇంకో మాట. అక్కడ మాత్రలు పెట్టుకునే పెట్టెలు దొరుకుతాయి, ఒక్కో రోజుకి ఒక్కో గది, ఒక్కో గదికి ఒక్కో మూత. ఏడు మూతలది తెస్తానంటాడు. వద్దనండి. రోజుకి నాలుగు లెక్కన వారానికి ఇరవై ఎనిమిది మూతలది తెమ్మనండి. నేను ఏడు మూతలది వాడి చూశాను, మూత పడలేదు.